నకలు వేరు, నకిలీ వేరు

తాసీల్దారు ఆఫీసులో అడంగల్ నకలు కావాలంటే అర్జీ తీసుకుంటారు, రుసుము కట్టించుకుంటారు, ముద్ర వేసి ఇస్తారు. నకిలీ అడంగల్ కావాలంటే పోలీసుల్ని పిలుస్తారు. రెండు మాటలూ ఒక్క ధాతువులోంచి పుట్టినవే. అయినా మా ఊళ్ళో సంతకం రాని రైతు కూడా ఒకదాని బదులు ఇంకోటి వాడడు. మన హాస్టల్లో మాత్రం రెంటికీ కలిపి “డూప్లికేటు” అని ఒక్కటే మాట. ఆ మాట అనేసి పెదవి విరిస్తే ఇక విచారణ అక్కర్లేదు, తీర్పు అయిపోయినట్టే.

ఈ మధ్య ఆ తీర్పు ఒక కారు మీద పడింది. మన కాలేజీలోనే చదివి కాలిఫోర్నియాలో ఉద్యోగం చేస్తున్న సీనియరు ఒకాయన, పోర్షె స్పీడ్‌స్టర్ అనే పాత స్పోర్ట్సు కారు నకలొకటి సెకండ్‌హ్యాండ్‌లో కొందామనుకుంటున్నానని ఇక్కడ చదువుతున్న తమ్ముడికి ఫొటోలు పంపారు. ఆ ఫొటోలు గదిగదికీ తిరిగాయి. “అంత జీతం తెచ్చుకుంటూ డూప్లికేటు కారేమిటి?” అన్నవాళ్ళే అందరూ. నేను వాళ్ళతో ఏకీభవించలేదు. అట్లాగని కళ్ళు మూసుకుని కొనేయమనీ అనను. పాత నకలు కారులో భయపడాల్సిన సంగతులు చాలానే ఉన్నాయి. మనవాళ్ళు భయపడుతున్నవి మాత్రం అవి కావు.

ముందు అసలు బండి సంగతి. ఫెర్డినాండ్ పోర్షె అనే ఇంజనీరు 1930లలో జర్మనీలో సామాన్యుడి కారుగా ఫోక్స్‌వాగన్ బీటిల్‌ని రూపొందించాడు. యుద్ధం అయ్యాక ఆయన కొడుకు ఫెర్రీ, ఆస్ట్రియాలో గ్ముండ్ అనే చిన్న ఊళ్ళో, ఆ బీటిల్ ఇంజనూ సస్పెన్షనూ తీసుకునే 1948లో పోర్షె 356 అనే తన మొదటి స్పోర్ట్సు కారు కట్టాడు. న్యూయార్కులో మాక్స్ హాఫ్‌మన్ అనే దిగుమతి వ్యాపారి ఉండేవాడు. మీ కార్లు ఖరీదెక్కువ, అలంకారాలన్నీ పీకేసి మూడు వేల డాలర్లలోపు అమ్మగలిగేదొకటి కట్టివ్వండని ఆయన పట్టుబట్టాడు. అట్లా 1954లో వచ్చింది స్పీడ్‌స్టర్. పొట్టి ముందద్దం, పల్చటి గుడ్డ టాపు, తలుపులకి గాజు అద్దాల బదులు తగిలించుకునే తెరలు. వానొస్తే తడవాల్సిందే. 1958 దాకా నాలుగు వేల పైన తయారు చేసి ఆపేశారు.

చవకగా ఉండాలని పుట్టిన ఆ బండి ఇవాళ లక్షల డాలర్లు పలుకుతోంది. అంత పెట్టి కొన్నాక ఎండ తగలనివ్వటానికి కూడా మనసు రాదు. ఎద్దును కొని పందిట్లో కట్టేసి హారతులిస్తూ కూర్చుంటే దుక్కి ఎవరు దున్నుతారు? నడపాలనుకునేవాడికి నకలే గతి. అది కొన్ని పదుల వేల డాలర్లలో వస్తుంది. (ఆ డబ్బుతో ఊళ్ళో పొలం కొనుక్కోవచ్చుగా అంది మా అమ్మ. ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు.)

నకలు కట్టే పద్ధతి చెబుతాను, ఎందుకంటే తరువాత రాయబోయేదంతా దీనిమీదే ఆధారపడి ఉంది. పాత బీటిల్ బాడీని బోల్టులు విప్పి పైకి ఎత్తేస్తారు. కింద ఉక్కు రేకుతో చేసిన నేల, దాని మధ్యగా వెన్నెముకలాగా ముందునించి వెనక్కి సాగే ఒక సొరంగం మిగులుతాయి. బీటిల్ ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ మధ్య దూరం 2400 మిల్లీమీటర్లు. స్పీడ్‌స్టర్‌కి 2100. కనక నేలని అడ్డంగా కోసి, 300 మిల్లీమీటర్ల ముక్క తీసేసి, రెండు సగాల్నీ మళ్ళీ వెల్డింగు చేస్తారు. దానిమీదికి ఫైబర్‌గ్లాసు బాడీ దించుతారు. వెనకాల ఉండే ఇంజను గాలితో చల్లబడే నాలుగు సిలిండర్ల బీటిల్ ఇంజనే. 2003 జూలైలో మెక్సికోలో ఆఖరి బండి తయారయ్యేనాటికి బీటిళ్ళ సంఖ్య రెండు కోట్ల పదిహేను లక్షలు దాటింది. కోసుకోవటానికి బళ్ళకి కరువు రాలేదు.

అంటే అసలు కారూ బీటిల్ కడుపులోంచే వచ్చింది, నకలూ అక్కణ్ణించే వచ్చింది. వరసకి అన్నదమ్ముల బిడ్డలు. దీన్ని తీసుకెళ్ళి ఫుట్‌పాత్ మీద అమ్మే నకిలీ వాచీల పక్కన కూర్చోబెట్టటం సబబుగా తోచదు.

నకిలీ అంటే ఏమిటో తెలియాలంటే పత్తి రైతు ఇంటికి రండి. పాకెట్టు మీద రకం పేరుంటుంది, బొమ్మ ఉంటుంది, మొలక శాతం అచ్చేసి ఉంటుంది. మొక్క ఏపుగానే పెరుగుతుంది. కాయ పట్టదు. ఆ సంగతి తెలిసేసరికి అదను దాటిపోతుంది. మా ఇంట్లో ఒక ఏడు అట్లా పోయింది. తక్కువ రకం విత్తనం అయినందుకు కాదు మా నాన్నకి కోపం వచ్చింది, చీటీ అబద్ధం చెప్పినందుకు. తక్కువ రకమని రాసి ఉంటే ఆయన తక్కువ ధరకి కొనేవాడు, లేకపోతే మానేవాడు. అగ్రికల్చరు చదివే మిత్రులకి తెలిసే ఉంటుంది, ధ్రువీకరించిన విత్తనానికి నీలం చీటీ ఉంటుంది. ధ్రువీకరణ లేకపోయినా లోపల ఉన్నదాన్ని ఉన్నదున్నట్టు రాసి అమ్మే విత్తనం ఇంకోటుంది, దానికి ఆకుపచ్చ చీటీ. రైతులు కొనేదాంట్లో అదీ బోలెడంత ఉంటుంది. దాన్నెవరూ నకిలీ అనరు. “1969 ఫోక్స్‌వాగన్ నేల మీద ఫైబర్‌గ్లాసు బాడీతో కట్టిన స్పీడ్‌స్టర్ నకలు” అని చెప్పి అమ్మే కారుది కూడా ఆకుపచ్చ చీటీయే.

తిరగేసి చూద్దాం. అమెరికాలో కారోల్ షెల్బీ అని ఒక రేసు డ్రైవరు ఉండేవాడు. 1959లో ల మాన్ పందెం గెలిచినవాడు. ఇంగ్లండులో ఏసీ కంపెనీ చేసే తేలికపాటి కారులో ఫోర్డు వీ-8 ఇంజను పెట్టించి 1960లలో కోబ్రా అనే కారు తీసుకొచ్చాడు. మొత్తం మీద తయారైనవి సుమారు వెయ్యి. వాటికి నకళ్ళు మాత్రం వేలకి వేలు, ప్రపంచంలో అన్నిటికన్నా ఎక్కువగా నకలు చేసిన కార్లలో అదొకటి. 1993లో లాస్ ఏంజెలెస్ టైమ్స్ పత్రిక ఒక సంగతి బయటపెట్టింది. 1965లో మిగిలిపోయిన ఛాసిస్‌లని చెప్పి షెల్బీ కాగితాలు తెచ్చుకున్న కోబ్రాల్లో చాలా వాటికి ఛాసిస్‌లు కొత్తగా చేయించినవేనని రాసింది. అది నిజమైతే, మనిషి అసలు, పేరు అసలు, ఆకారం అసలు, చీటీ మీద సంవత్సరం ఒక్కటే అబద్ధం. నా లెక్కలో నకిలీ అంటే అదీ. తమ గరాజుల్లో ఆదివారాలు కూర్చుని కోబ్రా నకళ్ళు కట్టుకున్న సామాన్యుల్ని ఆ మాట అనకూడదు.

ఇదే లెక్కన ఇంకో మాట, కొంచెం కటువుగా ఉన్నా, చెప్పి తీరాలి. నకలు కారు ముక్కు మీద పోర్షె వారి చిహ్నం తగిలించకూడదు. తగిలించి అమ్మేవాళ్ళు ఉన్నారు. “అందం కోసం పెట్టాం, ఎవర్ని మోసం చేశాం?” అంటారు. దారిన పోయేవాడు చూసి అసలుదనుకుంటే అనుకోనీండి, అతని జేబులోంచి ఏమీ పోలేదు. కాని బండి చేతులు మారుతుంది. మొదటివాడికి నకలని తెలుసు. రెండోవాడికి చెప్పే అమ్ముతాడు. ఆ రెండోవాడు పోయాక, నాన్నగారి పోర్షె అని చిన్నప్పట్నించీ అనుకుంటూ పెరిగిన కొడుకు దాన్ని పోర్షెగానే అమ్ముతాడు. మధ్యలో ఎవరూ నోరు తెరిచి అబద్ధం ఆడలేదు. ఆ చిన్న లోహపు బిళ్ళ ఒక్కటే ఆడింది. సీనియరుగారు కొంటే ముందు ఆ బిళ్ళ ఊడదీయాలని నా సలహా.

సినిమావాళ్ళ సంగతి వేరనుకోండి. వాళ్ళకి డూపు మామూలే. ‘మయామీ వైస్’ అనే అమెరికా టీవీ సీరియల్లో హీరో నడిపిన నల్లటి ఫెరారీ డేటోనా, నిజానికి షెవ్రొలే కార్వెట్ మీద కట్టిన నకలు. ఫెరారీ కంపెనీకి అది నచ్చలేదు. చివరికి 1986లో కథలోనే ఆ డూపుని పేల్చేసి, హీరోకి అసలు ఫెరారీ టెస్టరోసా ఇచ్చారు. మన సినిమాల్లో డూపుకి కనీసం భోజనం పెట్టి పంపిస్తారు.

ఇక కొనే సంగతి. కొత్త కారు కొనేవాడు కంపెనీని నమ్మి కొంటాడు. పాత కారు కొనేవాడు కంపెనీతోపాటు నడిపినవాణ్ణి కూడా నమ్మాలి. పాత నకలు కొనేవాడు వీళ్ళిద్దర్నీ అటుంచి, దాన్ని కట్టినవాణ్ణి నమ్మాలి. అతనెవరో చాలాసార్లు తెలియదు. ఇంజనీరు కావచ్చు. సెలవురోజుల్లో సరదాగా రెంచి పట్టుకున్న పళ్ళ డాక్టరు కావచ్చు. సగం కట్టి విసుగెత్తి అమ్మేసినవాడొకడూ, మిగతా సగం అయిందనిపించినవాడు ఇంకొకడూ కావచ్చు. ఒకే కంపెనీ పంపిన ఒకే రకం సామానుతో కట్టిన రెండు బళ్ళకి పోలిక ఉండదు. అందుకే “ఏ కంపెనీ నకలు మంచిది?” అన్నది సగం ప్రశ్నే. కట్టేటప్పుడు తీసిన ఫొటోలు ఉన్నాయా, ఏ సామాను ఎక్కడ కొన్నదీ రసీదులు ఉన్నాయా అన్నది మిగతా సగం. అవి ఉన్న బండికి వెయ్యి డాలర్లు ఎక్కువిచ్చినా తప్పులేదు.

మా వైపు సెకండ్‌హ్యాండ్ ట్రాక్టరు కొనేటప్పుడు కొత్తగా రంగు వేసిన బండిని ఎవరూ నమ్మరు. మురికిగా ఉన్నా ఫరవాలేదు, దాచింది ఉండకూడదు. నకలు కారుకి ఈ సూత్రం ఇంకా బాగా పనికొస్తుంది. ఫైబర్‌గ్లాసు తుప్పు పట్టదు, మరి ఆ సుగుణమే కొనేవాణ్ణి ముంచుతుంది. పైన పెళ్ళికూతురులా మెరుస్తూ ఉంటుంది, కింద ఉక్కు నేల తివాచీ తడిసి తడిసి జల్లెడ అయిపోయి ఉంటుంది. బీటిల్‌కి బ్యాటరీ వెనక సీటు కింద ఉండేది, ఆసిడ్ చెమ్మకి ముందుగా ఆ మూల తినేస్తుంది. బండి పైకెత్తించి, తివాచీ తీయించి, స్క్రూడ్రైవరు పిడితో కొడుతూ చప్పుడు వింటూ పోవాలి. గట్టి రేకు మోగుతుంది, తినేసిన రేకు మోగదు. తలుపు మూలల్లో, కీళ్ళ దగ్గర బాడీ మీద సాలెగూడులాంటి సన్నటి పగుళ్ళుంటే అవి రంగువి మాత్రమే కాకపోవచ్చు. కింద చట్రం మెలితిరుగుతోందని పైన బాడీ చెబుతూ ఉండొచ్చు.

అన్నిటికన్నా ముఖ్యం ఆ అతుకు. ఒక చదునైన రేకుని రెండు చేతులా పట్టుకుని మెలితిప్పండి, వంగిపోతుంది. అదే రేకుని గొట్టంగా చుట్టి అంచులు అతికిస్తే మీ బలం చాలదు. బీటిల్ నేలకి బలమంతా మధ్యనున్న సొరంగం ఇస్తుంది, అది మూసుకున్న గొట్టం కాబట్టి. సరిగ్గా దాన్నే అడ్డంగా కోశారు. అతుకు చుట్టూతా నిండుగా పడి, మీద పట్టీలు కూడా వేసి ఉంటే మంచిదే. పైనా పక్కలా వేసి, కింద చెయ్యి దూరటం కష్టమని వదిలేసి ఉంటే, ఆ వదిలేసిన చోటు రోడ్డు మీద ప్రతి గుంటకీ కాస్తకాస్త నోరు తెరుస్తుంది. చక్కగా కట్టినవాళ్ళు చుట్టూ చదరపు ఉక్కు గొట్టాల చట్రం కూడా కలుపుతారు. కొందరు తయారీదారులు బీటిల్ నేల జోలికే పోకుండా గొట్టాలతో సొంత చట్రమే చేసుకున్నారు. ఈ అతుకుని చూడటానికి కార్ల వ్యాపారిని వెంటబెట్టుకుని వెళ్ళటం దండగ. ఒక మంచి వెల్డరుని తీసుకెళ్ళాలి.

సొరంగం ఉత్త గొట్టమూ కాదు. గేరు కడ్డీ, క్లచ్చి కేబులు, ఆక్సిలరేటరు కేబులు, ముందున్న టాంకులోంచి వెనకున్న ఇంజనుకి పెట్రోలు తీసుకెళ్ళే పైపు, అన్నీ దాంట్లోంచే పోతాయి. నేల పొట్టిదైతే ఇవన్నీ పొట్టివి కావాల్సిందే. గేరు పడక చేత్తో వెతుక్కోవాల్సి వస్తోందంటే కడ్డీని తిన్నగా అతకలేదేమోనని అనుమానించాలి. రోజూ చేతికి తెలిసే అతుకే ఇట్లా చేసినవాడు, సీటు కింది అతుకు ఇంకెట్లా చేశాడో!

పెట్రోలు సంగతి ఇంకా గట్టిగా చెప్పాలి. హైస్కూల్లో మెగ్నీషియం తీగ కాల్చి కళ్ళు మిరుమిట్లు గొలిపించుకున్నవాళ్ళమే మనమంతా. బీటిల్ ఇంజను క్రాంక్‌కేసు మెగ్నీషియం మిశ్రమలోహంతో పోసింది. ఒకసారి అంటుకున్నాక దానిమీద నీళ్ళు పోస్తే హైడ్రోజన్ పుట్టి మంట ఇంకా పెరుగుతుంది. ఫైబర్‌గ్లాసులో ఉండే రెజినూ మండేదే. పాత రబ్బరు పెట్రోలు గొట్టానికి, అందులోనూ ఇథనాల్ కలిసిన పెట్రోలు పోస్తుంటే, పగుళ్ళు వస్తాయి. అది వేడి ఇంజను మీద బొట్టుబొట్టుగా కారటం మొదలుపెడితే తరువాతి కథ ఎవరికీ చెప్పక్కర్లేదు. కొద్ది డాలర్ల గొట్టం అది. కొన్నరోజే, బండి ఇంటికి నడుపుకు రాకముందే, ముందునించి వెనక దాకా మార్చేయాలి. మంటలార్పే సిలిండరు ఒకటి డ్రైవరు చేతికి అందేచోట బిగించుకోవాలి. ఈ రెండూ చెయ్యనివాడు ఇంజను ఎంత హార్సుపవరని అడగటం నాకు నవ్వు తెప్పిస్తుంది.

ఇంజను సంగతి తేల్చటం తేలికే. ఆపిన బండి వెనక కప్పి పట్టుకుని ముందుకీ వెనక్కీ లాగి చూడాలి. కొత్త ఇంజనుకి ఆ కదలిక 0.07 నుంచి 0.13 మిల్లీమీటర్లు ఉంటుంది. చేతికి టకటకమని స్పష్టంగా తెలిసిందంటే ఇంజను విప్పాల్సిందేననుకుని బేరం ఆడాలి. వెనక చక్రాల ఇరుసులు కూడా చూడాలి. పాత బీటిళ్ళలో ఒక్కో పక్క ఒక్క కీలే, గేరుబాక్సు దగ్గర. మలుపులో గట్టిగా తిప్పితే బండి వెనకభాగం పైకి లేచి, బయటి చక్రం కిందికి ముడుచుకుపోవచ్చు. 1969 నుంచి అమెరికాలో అమ్మిన బీటిళ్ళకి పక్కకి రెండేసి కీళ్ళు, ఆ ప్రమాదం చాలావరకు లేదు. అసలు స్పీడ్‌స్టర్‌కి ఉన్నది ఆ పాత పద్ధతే! కనక 1969 తరువాతి నేల మీద కట్టిన నకలు మలుపుల్లో అసలుదానికన్నా మెరుగు. డూప్లికేటని పెదవి విరిచినవాళ్ళు ఇదొక్కటీ గుర్తుపెట్టుకోవాలి.

కాగితాల గురించి క్లుప్తంగా. బీటిల్ నంబరు వెనక సీటు దగ్గర సొరంగం మీద చెక్కి ఉంటుంది. కాగితం మీద నంబరు దానితో సరిపోవాలి. కాగితంలో 1969 ఫోక్స్‌వాగన్ అని ఉంటే చిన్నబుచ్చుకోనక్కర్లేదు, అది నిజం చెబుతోంది. 1957 పోర్షె అని ఉంటే మాత్రం సంబరపడకుండా లేచి వచ్చేయాలి. కాలిఫోర్నియాలో ఇట్లా విడిగా కట్టిన బళ్ళకి పొగ నియమాల్లో కొంత వెసులుబాటు ఇస్తూ 2001లో చట్టం చేశారు. ఏడాదికి మొదటి 500 బళ్ళకే అది. ఈ బండి ఆ దారిన నమోదైందా, మామూలు బీటిల్‌గా నమోదైందా అన్నది డబ్బు చేతిలో పెట్టకముందే తెలుసుకోవాలి.

ఎయిర్‌బ్యాగులు లేని, ఢీకొంటే ముందు నలగాల్సినది మన మోకాళ్ళే అయిన బండిని రోజూ ఆఫీసుకి ఫ్రీవే మీద నడపటాన్ని నేను ఒప్పుకోను. ఆదివారం పొద్దున్నే సముద్రం ఒడ్డు రోడ్డు మీదికి సరే.

ఇదంతా చదివి మన దగ్గరా ఒకటి కట్టిద్దామని ఎవరికైనా ఉబలాటం పుడితే, 1988 మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షను చదువుకోండి. తయారీదారు పెట్టిన వివరాలకి భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే ఖాయం చేసింది. ఎవరూ పరీక్షించని మార్పు పక్కవాడి ప్రాణం మీదికి తెస్తుందన్నది దాని వెనకున్న ఆలోచన, అది మంచిదే. కాని ఇంగ్లండులో ఒక్కొక్కటిగా కట్టిన కారుని అధికారి పరీక్షించి రోడ్డు మీదికి వదిలే ఏర్పాటు 1998 నుంచి ఉంది. మన విజయవాడ ఆటోనగర్లో లారీ బాడీలు చేత్తో కట్టే పనివాళ్ళకి ఆ 300 మిల్లీమీటర్ల అతుకు లెక్కలోది కాదు. వాళ్ళు కట్టింది చూసి అవుననో కాదనో చెప్పే బల్ల ఒకటి వెయ్యమని అడగటం గొంతెమ్మ కోరికేమీ కాదనుకుంటాను. మొదట్లో కాదనిపించుకునే బళ్ళే ఎక్కువుంటాయి. ఎందుకు కాదో కాగితం మీద రాసిస్తే పనివాడు సరిచేసి మళ్ళీ తీసుకొస్తాడు.